గొలుసుకట్టు నుండి కలిపివ్రాత వరకు: బళ్ళారి సీమ బడులలో చేతివ్రాత చరిత్ర

పాఠశాల చరిత్ర అనగానే భవనం ఎప్పుడు కట్టారు, దాతలెవరు, ప్రధానోపాధ్యాయులు ఎవరెవరు, ఏ సంవత్సరం ఎందరు ఉత్తీర్ణులయ్యారు అన్న వివరాలు మన మనసులో మెదలుతాయి. అవన్నీ వ్రాసి ఉంచవలసినవే. అయితే ప్రతి తరగతిలో ప్రతి దినం జరుగుతూ, ఏ నివేదికలోనూ చోటు దొరకని పని ఒకటున్నది. అది పిల్లవాడు అక్షరం దిద్దడం, దిద్దిన అక్షరాన్ని మరొక అక్షరంతో కలపడం, చివరకు చేయి ఆగకుండా వాక్యం వ్రాయగలగడం. పలక పట్టిన నాటి నుండి కలిపివ్రాత వచ్చే నాటి వరకు సాగే ఈ ప్రయాణానికి మన బళ్ళారి సీమలో రెండు వందల సంవత్సరాలకు పైబడిన లిఖిత చరిత్ర ఉండడం మనకు గర్వకారణం.

చేతివ్రాత విద్యకు రెండు ముఖాలున్నాయి. తాను వ్రాయగలగడం ఒకటి, పరుల వ్రాతను చదవగలగడం రెండవది. పూర్వపు వీధిబడులు ఈ రెండింటినీ నేర్పాయి. తరువాత వచ్చిన బడులు మొదటిదానిని ఎంతో శ్రద్ధగా నిలుపుకొని, రెండవదానిని తెలియకుండానే విడిచిపెట్టాయి. దాని ఫలితం ఈనాడు మన ఇండ్లలోని పాత పెట్టెలలో కనబడుతున్నది. ఈ వ్యాసంలో ఆ కథను క్రమంగా వివరించే ప్రయత్నం చేస్తాను.

కాంప్‌బెల్ దొర చూచిన బడులు

1822 జూన్ 25న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని జిల్లాలన్నింటిలో ఎన్ని బడులున్నాయి, ఎందరు చదువుతున్నారు, ఏమి చదువుతున్నారు అని విచారించవలసినదిగా ఆదేశించాడు. అప్పుడు బళ్ళారి కలెక్టరుగా ఉన్నవాడు అలెగ్జాండర్ డంకన్ కాంప్‌బెల్. ఈయన 1816లో తెలుగు వ్యాకరణాన్ని, 1821లో తెలుగు నిఘంటువును ప్రకటించిన పండితుడు. కావున ఇతర జిల్లాల నుండి చాలావరకు అంకెల పట్టికలే వెళ్ళగా, బళ్ళారి నుండి 1823 ఆగస్టు 17న వెళ్ళిన నివేదిక బడి లోపలి జీవితాన్ని కళ్ళకు కట్టినట్లు వర్ణించింది.

ఆనాటి బళ్ళారి జిల్లా ఎంతో విశాలమైనది. అనంతపురం ప్రాంతం కూడా అందులోనిదే. 1882లో గాని అది వేరు జిల్లా కాలేదు. అంతటి జిల్లాలో 533 బడులున్నట్లు కాంప్‌బెల్ లెక్క తేల్చాడు. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. మరాఠీ బడులు 23, సంస్కృతం మాత్రమే చెప్పేవి 23, పారసీకం చెప్పేవి 21, తమిళ బడులు 4, ఇంగ్లీషు బడి ఒక్కటి. ఒకే జిల్లాలో ఏడు రకాల బడులు! తెలుగు, కన్నడ బడులు దాదాపు సరిసమానంగా ఉండడం గమనింపదగినది. ఈ సీమలో రెండు భాషలు ఒకే అరుగు మీద కూర్చొని చదువుకొన్నాయని చెప్పడానికి ఇంతకన్న వేరే సాక్ష్యం అక్కరలేదు.

అయితే ఈ అంకెలలోనే ఒక లోటు కూడ దాగి ఉన్నది. ఆ 533 బడులలో చదివినవారు మొత్తం 6,641 మంది. అందులో బాలికలు 60 మంది మాత్రమే. జిల్లా జనాభా దాదాపు పది లక్షలుండగా ఏడువేల మందికైనా చదువు అందలేదని కాంప్‌బెల్ స్వయంగా విచారం వ్యక్తం చేశాడు. కాబట్టి ఆనాటి పద్ధతిని మనం మెచ్చుకొనేటప్పుడు, ఆ పద్ధతి ఎందరికి అందలేదో కూడ మరువరాదు.

ఇసుక, పలక, కడితం

ఐదవ యేట బాలుని బడిలో వేసేవారు. గణపతి పూజ జరిగిన తరువాత పిల్లవాని వ్రేలు పట్టి బియ్యంలో దేవుని నామం వ్రాయించేవారు. నేటికీ మన ఇండ్లలో జరిగే అక్షరాభ్యాసం ఇదే. బడి ఉదయం ఆరు గంటలకు మొదలయ్యేది. అందరికన్న ముందు వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసి గౌరవించేవారు. రెండవవానికి సున్న. మూడవవాని నుండి బెత్తపు దెబ్బలు, వచ్చిన వరుసను బట్టి పెరుగుతూ పోయేవి. ఆలస్యంగా వచ్చేవాని గతి చెప్పనక్కరలేదు.

అక్షరం నేర్పే పద్ధతి విషయంలో కాంప్‌బెల్ ఒక మెలకువను గుర్తించాడు. ఐరోపా దేశాలలో పిల్లలు ముందు అక్షరాల పేర్లను వల్లిస్తారు. ఇక్కడ ముందు వ్రేలితో ఇసుకలో వ్రాస్తూ అక్షరాన్ని తెలుసుకొంటారు. అనగా మన బడిలో చదవడం, వ్రాయడం రెండు వేరు పాఠాలు కావు. చేయి కదిలినప్పుడే కన్ను అక్షరాన్ని గుర్తుపట్టేది, నోరు దానిని పలికేది. ఇసుకలో అక్షరం జానెడు పొడవున ఉంటుంది. తప్పు పోతే అరచేత చెరిపి మళ్ళీ వ్రాయవచ్చు. ఐదేండ్ల పిల్లవాని లేత వ్రేళ్ళకు కలం పట్టే బిగువు ఉండదు. పెద్ద అక్షరాన్ని వ్రేలితో, చేతి ఊపుతో గీయడం మాత్రం సులభం.

ఇసుకలో చేయి కుదిరిన తరువాతే వేరే సాధనాలు చేతికి వచ్చేవి. తాటాకు మీద గంటంతో గాని, కాగితం మీద కలంతో గాని వ్రాయడం ఉండేది. కాని ఈ జిల్లాలలో ఎక్కువగా వాడినవి పలక, కడితం. ఆనాటి పలక నేటి రాతి పలక కాదు. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు గల చెక్క. దానిని నునుపు చేసి, అన్నము, బొగ్గుపొడి కలిపి పూసేవారు. కడితం గుడ్డతో చేసినది. గుడ్డకు గంజి పెట్టి బిగువు చేసి, పుస్తకం వలె మడతలు పెట్టి, బొగ్గు, జిగురు కలిపి పూస్తే నల్లని పుటలు తయారయ్యేవి. రెండింటి మీదా తెల్లని బలపంతో వ్రాసి, తడిగుడ్డతో తుడిచివేయవచ్చు. బడి పిల్లవాడు పాఠం వ్రాసిన ఈ కడితం వంటి వాటిలోనే వర్తకులు, శానుభోగులు తమ లెక్కలు వ్రాసుకొనేవారు. బడి సాధనానికి, బ్రతుకు సాధనానికి భేదం లేదన్నమాట.

పెద్ద విద్యార్థి చిన్నవానికి దిద్దించడం మరొక విశేషం. ఈ విధానం వలన చిన్నవానికి పాఠం వస్తుంది, పెద్దవానికి తన పాఠం గట్టిపడుతుంది. మద్రాసు ఎగ్మూరులోని సైనికుల పిల్లల అనాథశాలను నడిపిన ఆండ్రూ బెల్ 1789 ప్రాంతంలో ఇసుకలో వ్రాసే మన పద్ధతిని, పిల్లలే పిల్లలకు చెప్పే పద్ధతిని స్వీకరించి, 1797లో లండనులో దానిని గురించి పుస్తకం ప్రకటించాడు. ఇంగ్లాండులోని బీద పిల్లల బడులలోనికి ఇసుకపళ్ళెం ఆ విధంగా ప్రవేశించింది. ఖర్చు లేకుండా వ్రాత నేర్పే ఈ నేర్పు ఇంగ్లాండు అనుకరించదగినదేనని కాంప్‌బెల్ కూడ అంగీకరించాడు.

గొలుసుకట్టు అంటే ఏమి?

అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వచ్చిన తరువాత మనుష్యుల పేర్లు, ఊర్ల పేర్లు, జంతువుల పేర్లు, లెక్కల గుర్తులు వ్రాయించేవారు. ఆ పైన ఎక్కాలు, శతకాలు, కథలు. ఇవన్నీ మనకు పరిచితమైన మెట్లే. కాని కాంప్‌బెల్ పేర్కొన్న మరొక పాఠం నేటి పాఠ్యప్రణాళికలో ఎక్కడా కనబడదు. రకరకాల చేతులు వ్రాసిన ఉత్తరాలను, సర్కారు కాగితాలను ఉపాధ్యాయుడు అక్కడక్కడ సంపాదించి తెచ్చి, వాటిని కూడబలుక్కొని చదవడం పిల్లలకు నేర్పేవాడు. దానితో పాటు మామూలు ఉత్తరాలు వ్రాయడం, ఒడంబడికల నమూనాలు తయారు చేయడం నేర్పేవాడు. పరుల చేతివ్రాతను చదవడం ఆ బడులలో ఒక పాఠ్యాంశం!

దీని అవసరం ఎందుకు కలిగిందో తెలియాలంటే గొలుసుకట్టు వ్రాతను గురించి కొంత చెప్పవలసి ఉన్నది. బడిలో నేర్పే అక్షరం విడి అక్షరం. గుండ్రంగా, పైన తలకట్టుతో, క్రింద ఒత్తుతో స్పష్టంగా ఉంటుంది. కరణాలు, శానుభోగులు, వర్తకుల గుమాస్తాలు దినమంతా కాగితాల మీద వ్రాయవలసినవారు. వారు ప్రతి అక్షరానికి కలం ఎత్తి తలకట్టు పెడుతూ కూర్చుంటే పని సాగదు. అందుచేత అక్షరం నుండి అక్షరానికి కలం ఎత్తకుండా, గొలుసు లంకెల వలె కలుపుతూ పోయేవారు. తలకట్టు విడిగా నిలువక తరువాతి అక్షరానికి వంతెన అయ్యేది. పదానికి పదానికి నడుమ ఎడం ఉండదు. మాటిమాటికి వచ్చే మాటలకు పొట్టి గుర్తులుండేవి. దీనినే మన పెద్దలు గొలుసుకట్టు అన్నారు. ఇంగ్లీషువారి కలిపివ్రాతకు ఇది మన భాషలో తోబుట్టువు వంటిది.

ఈ వ్రాతలో లిపితో పాటు భాష కూడ చిక్కైనదే. జమాబందీ, కబూలియత్, దస్తావేజు వంటి పారసీక, హిందూస్తానీ పదాలు సర్కారు కాగితాలలో తెలుగు వాక్యాలలో కలిసిపోయి ఉండేవి. అటువంటి పదాల కొరకే చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రత్యేకంగా ప్రకటించవలసి వచ్చింది. కర్నల్ కాలిన్ మెకంజీ 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో దత్తమండలాలలో సేకరింపజేసిన గ్రామ కైఫియత్తులకు గ్రామ కరణాల వద్దనున్న లెక్కలు, కవిలెలు ముఖ్యమైన ఆధారాలు. మన ఊర్ల చరిత్రకు మూలమైన ఆ సాహిత్యమంతా చేతివ్రాత నుండే వచ్చిందని మరువరాదు.

గొలుసుకట్టు వ్రాయడం కరణాల పిల్లలకు ఇంటిలోనే, తండ్రి ప్రక్కన కూర్చొని అలవడే విద్య. అందరికీ అది అక్కరలేదు. కాని చదవడం మాత్రం ఎవరికైనా అవసరమే. రైతు తన కౌలు కాగితంలో ఏమున్నదో, వర్తకుడు తనకు వచ్చిన ఉత్తరంలో ఏమున్నదో మరొకరిని అడగకుండా తెలుసుకోవాలంటే ఆ చేతివ్రాత చదవగలగాలి. వీధిబడి ఈ సంగతిని గ్రహించింది. ముందు విడి అక్షరం నిలబడిన తరువాతే, చివరి మెట్టుగా, ఇతరుల కలిపివ్రాతను చదివించింది. ఆ క్రమాన్ని మనం జ్ఞాపకం పెట్టుకోవాలి.

రాగిరేకు అక్షరాలు, నాలుగు గీతలు

1854లో చార్లెస్ వుడ్ విద్యా ప్రకటన వెలువడిన తరువాత సర్కారు సహాయం పొందే బడులు, వాటిని తనిఖీ చేసే ఇనస్పెక్టర్లు, అచ్చు వాచకాలు వచ్చాయి. అంతకు ముందే 1832లో పుదూరి సీతారామశాస్త్రి గారి బాలశిక్ష అచ్చయి ఉండెను. అచ్చు పుస్తకం పిల్లలకు చేసిన మేలు ఇంతింతనరానిది. కాని దానితో ఒక మార్పు చాటుగా జరిగింది. అంతవరకు అక్షరానికి మాదిరి గురువుగారి చేయి. ఇప్పుడు మాదిరి అచ్చు అక్షరం అయింది. చూచివ్రాత అంటే వాచకంలోని అచ్చును చూచి అచ్చు వలె వ్రాయడం అయింది. ఉక్తలేఖనం అంటే అచ్చు పుస్తకంలోని పంక్తులను విని వ్రాయడం అయింది. ఎవరో వ్రాసిన ఉత్తరాన్ని తెచ్చి చదివించే పాఠానికి ఆ కాలపట్టికలో స్థానం లేకపోయింది.

ఇదే కాలంలో ఇంగ్లీషు కలిపివ్రాత బడిలోకి వచ్చింది. దాని కథ వేరు. ఐరోపాలో ఈక కలంతో వ్రాసేవారు. ఈక కలాన్ని మాటిమాటికి ఎత్తి దించితే సిరా బొట్లు పడుతుంది. కలిపి వ్రాస్తే చేయి సాఫీగా సాగుతుంది. కలిపివ్రాతకు ఇది ఒక కారణం. 18వ శతాబ్దంలో లండను వ్రాత గురువులు తమ మాదిరి అక్షరాలను రాగిరేకుల మీద చెక్కించి పుస్తకాలుగా అచ్చు వేశారు. జార్జి బిక్‌హామ్ 1733 నుండి 1741 వరకు భాగాలుగా ప్రకటించిన సంపుటం వీటిలో ప్రసిద్ధమైనది. ఆ వ్రాతకు రాగిరేకు వ్రాత అని పేరు నిలిచింది. కుడివైపుకు వాలి, క్రిందికి గీచినప్పుడు లావుగా, పైకి గీచినప్పుడు సన్నగా ఉండడం దాని లక్షణం. బర్మింగ్‌హాములో 1820ల నుండి ఉక్కు పాళీలు పెద్ద ఎత్తున తయారైన తరువాత సిరాబుడ్డి, పాళీ, కాపీ పుస్తకం బడి సామగ్రి అయినాయి. ఐర్లండులో వియర్ ఫాస్టర్ 1865లో కాపీ పుస్తకాల ప్రచురణ మొదలుపెట్టి, చవక ధరకు మంచి మాదిరులను బీదపిల్లలకు అందజేశాడు. పై గీతలో మాదిరి వాక్యం, క్రింద ఖాళీ గీతలు. పిల్లవాడు పుట నిండేవరకు అదే వాక్యం వ్రాయాలి. మన చూచివ్రాత పుస్తకం ఈ కుటుంబానికి చెందినదే.

అప్పటిలో ఇంగ్లీషు పిల్లలు మొదటి నుండి కలిపివ్రాతే నేర్చేవారు. ముందు విడి అక్షరాలు, తరువాత కలిపివ్రాత అన్న నేటి రెండు మెట్ల పద్ధతి నూరేండ్ల నాటిది మాత్రమే. లండనులో లిపికారుడు ఎడ్వర్డ్ జాన్‌స్టన్ 1913లో చిన్న పిల్లలకు అచ్చు వలె నిలువుగా ఉండే విడి అక్షరాలు మేలని సూచించాడు. 1920లలో ఆ పద్ధతి ఇంగ్లాండులోను, అమెరికాలోను వ్యాపించింది. పిల్లవాడు చదివే అక్షరం, వ్రాసే అక్షరం ఒకటిగా ఉంటే చదువు సులభమవుతుందన్నది దాని తర్కం. చేయి కుదిరిన తరువాత, రెండవ లేక మూడవ తరగతిలో, కలిపివ్రాతకు మార్చేవారు. 1935లో మేరియన్ రిచర్డ్‌సన్ అనే ఉపాధ్యాయురాలు అలలు, ఉంగరాలు వంటి రేఖల నుండి కలిపివ్రాతకు నడిపించే పుస్తకాలను ప్రకటించి పిల్లల శ్రమను తగ్గించింది.

మన తరగతి గదిలో ఈ బోధన నాలుగు గీతల పుస్తకం మీద సాగుతుంది. నడిమి రెండు గీతల మధ్య చిన్న అక్షరం కూర్చుంటుంది. 'ఎల్', 'హెచ్' వంటివి పై గీతను తాకుతాయి. 'జీ', 'వై' వంటివి క్రింది గీతకు దిగుతాయి. అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు అకారాది క్రమాన్ని ప్రక్కనబెట్టి, ఒకే చేతి కదలికతో వచ్చే అక్షరాలను గుంపులుగా నేర్పుతారు. 'సీ' వచ్చినవానికి 'ఏ', 'డీ', 'జీ' సులభం. 'ఐ' వచ్చినవానికి 'యూ', 'టీ' సులభం. తెలుగులో 'ద' వచ్చినవానికి 'ధ', 'థ' వచ్చినట్లు, 'ప' వచ్చినవానికి 'ఫ', 'ష' వచ్చినట్లు ఇది. ఆ తరువాత రెండక్షరాల కలయికలు, చిన్న పదాలు, చివరకు వాక్యం.

మూతపడిన పెట్టెలు

తెలుగులో కలిపివ్రాత బడి వెలుపలనే మిగిలిపోయింది. కరణాలు, శానుభోగులు ఉన్నంతకాలం దాని లోపం ఎవరికీ తెలియలేదు. చదివిపెట్టేవారు ఊరిలో ఒకరుండేవారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు చేరాయి. ఒకే కుటుంబపు భూములు, బంధుత్వాలు, వాటి కాగితాలు సరిహద్దుకు రెండు వైపుల నిలిచిపోయాయి. కర్ణాటకలో 1961 నాటి చట్టం వంశపారంపర్య గ్రామోద్యోగాలను రద్దు చేసింది. తమిళనాడులో 1980లో, ఆంధ్రప్రదేశ్‌లో 1984లో అదే జరిగింది. వంశపారంపర్యపు అధికారం పోవడం ప్రజాస్వామ్యానికి మేలే చేసింది. కాని ఆ ఇండ్లలో తరతరాలుగా నేర్పిన చదువు కూడ దానితో పోయింది. బడి ఆ చదువును అప్పటికే వదిలిపెట్టి ఉండడం వలన దానిని అందుకొనే చేయి లేకపోయింది.

ఈనాడు పహణీలు కంప్యూటరు ముద్రణలో వస్తున్నాయి. వాటికి పూర్వపు క్రయపత్రాలు, భాగపరిష్కార పత్రాలు, పెండ్లి ఉత్తరాలు, వర్తకుల చిట్టాలు మాత్రం పెట్టెలలో చేతివ్రాతలోనే ఉన్నాయి. బి.ఏ., ఎం.ఏ. చదివిన మనుమలు కూడ తాతగారి ఉత్తరాన్ని తిప్పి తిప్పి చూచి, ఇది తెలుగేనా అని అడుగుతున్నారు. తెలుగే. తెలుగు తెలిసి ఉండి కూడ చదవలేకపోవడంలో ఉన్నది అసలు విషాదం.

ఈ దుస్థితి మనకు మాత్రమే కలిగినది కాదు. మన పొరుగున మహారాష్ట్రంలో మోడి లిపి శతాబ్దాల పాటు మరాఠీ పరిపాలనకు వాహకమైన గొలుసుకట్టు లిపి. అచ్చులో దేవనాగరి నిలబడిన తరువాత 1950ల నాటికి మోడి బడుల నుండి తొలగిపోయింది. పూనా పత్రాలయంలోను, తంజావూరు సరస్వతీ మహలులోను ఉన్న అపారమైన మోడి పత్రాలను చదివేవారి కొరకు ఈనాడు ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వవలసి వస్తున్నది. జర్మనీలో లుడ్విగ్ సుటర్లిన్ రూపొందించిన కలిపివ్రాతను ప్రష్యా బడులలో 1915 నుండి నేర్పారు. 1941లో నాజీ ప్రభుత్వం ఆ లిపిని నిషేధించింది. ఒక్క తరం గడిచేసరికి జర్మను యువకులకు తమ అవ్వతాతల ఉత్తరాలు పరభాషా పత్రాలు అయినాయి.

అమెరికాలో 2010లో ప్రకటించిన ఉమ్మడి పాఠ్య ప్రమాణాలలో కలిపివ్రాత ప్రస్తావన లేకపోవడంతో అనేక రాష్ట్రాల బడులు దానిని విడిచిపెట్టాయి. పాత పత్రాలు చదివేవారు కరువవుతారన్న వాదం తరువాత బలపడింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2023లో చట్టం చేసి, 2024 జనవరి 1 నుండి ఒకటి నుండి ఆరవ తరగతి వరకు కలిపివ్రాత బోధనను తప్పనిసరి చేసింది. ఒక వ్రాతను చంపడానికి నిషేధమే అక్కరలేదు, బడి దానిని ఒక తరం పాటు నేర్పకపోతే చాలునని ఈ ఉదాహరణలు చెబుతున్నాయి.

మన పిల్లల చేతికి ఎంత బరువు?

ఇక నేటి మన తరగతి గదిని చూద్దాం. కర్ణాటకలోని తెలుగు మాధ్యమ పాఠశాలలో చదివే బాలిక తెలుగు నేర్వాలి, రాష్ట్రభాష అయిన కన్నడం నేర్వాలి, ఇంగ్లీషు నేర్వాలి. రాష్ట్రంలో ఒకటవ తరగతి నుండి ఇంగ్లీషు బోధన 2007-08లో మొదలైంది. కన్నడ బోధనకు 2015లో చట్టమే వచ్చింది. తెలుగు, కన్నడ లిపులు ఒక తల్లి బిడ్డలు. ఒకటి వస్తే రెండవది తొందరగా పట్టుబడుతుంది. తలకట్టు ఒక్కటే ముఖ్యంగా చేతిని తడబరుస్తుంది. కాని ఇంగ్లీషు అక్షరాలు 26 అని మనమనుకొన్నా, పెద్దవి, చిన్నవి, విడివి, కలిపివి లెక్కిస్తే 104 రూపాలవుతాయి. ఎనిమిదేండ్ల లోపు పిల్లకు ఇది చిన్న బరువు కాదు.

అందుచేత కలిపివ్రాత ఎప్పుడు మొదలుపెట్టాలన్న ప్రశ్నకు పూర్వపు వీధిబడి క్రమమే నేటికీ మంచి సమాధానమని నా అభిప్రాయం. మాతృభాష అక్షరం చేతిలో నిలవాలి. విడి అక్షరం తడబాటు లేకుండా రావాలి. ఆ తరువాతే కలపడం. శిశు తరగతులలోనే కలిపివ్రాత పుస్తకాలు చేతికిచ్చే పోటీ కొన్ని చోట్ల కనబడుతున్నది. లేత వ్రేళ్ళకు అది శ్రమ, లేత మనసుకు భయం. మూడవ తరగతిలో మొదలుపెట్టి ఐదవ తరగతి ముగిసేనాటికి పూర్తి చేస్తే ఏ నష్టమూ లేదు.

ఇసుకలో వ్రాయించిన మన పెద్దల మెలకువకు ఆధునిక శాస్త్రం నుండి కూడ కొంత బలం చేకూరింది. అమెరికాలో కారిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ అనే పరిశోధకులు ఇంకా చదువురాని ఐదేండ్ల పిల్లలతో అక్షరాలను చేత వ్రాయించి, మీటలు నొక్కించి, గీతల మీద దిద్దించి చూచి 2012లో ఫలితాలు ప్రకటించారు. స్వయంగా చేత వ్రాసిన అక్షరాన్ని తరువాత చూచినప్పుడు మెదడులో చదువుకు సంబంధించిన భాగాలు ఎక్కువగా మేల్కొన్నట్లు తేలింది. మీటలు నొక్కినప్పుడు గాని, దిద్దినప్పుడు గాని అంత ఫలితం కనబడలేదు. కాబట్టి దిద్దించడం దగ్గరే ఆగిపోక, పిల్లవానిచేత సొంతంగా వ్రాయించడం మన ఉపాధ్యాయులు శ్రద్ధ వహించవలసిన విషయం.

చేయదగిన పని

రాజ్యాంగానికి 1956లో జరిగిన ఏడవ సవరణ 350ఏ అధికరణాన్ని చేర్చి, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించాలని రాష్ట్రాలకు నిర్దేశించింది. తెలుగునాడుకు వెలుపల ఉన్న మన వంటి పాఠశాలలకు అది అండ. కాని మాతృభాషలో చదువు అంటే పాఠ్యపుస్తకంలోని తెలుగు చదవడంతో ముగియరాదు. మన ఇంటిలోని తెలుగును, మన పెద్దలు చేత వ్రాసిన తెలుగును చదవగలిగినప్పుడే ఆ చదువు సార్థకం. ఈ సీమలో మనం ఎంతకాలంగా ఉన్నామో, ఎవరితో కలిసి బ్రతికామో, ఏ బావి తవ్వించామో, ఏ సత్రానికి చందా ఇచ్చామో చెప్పేవి ఆ కాగితాలే. వాటిని చదవలేని రోజున మన చరిత్రను ఇతరులు చెబితే విని ఊరుకోవలసినదే.

దీనికి పెద్ద ఖర్చు లేదు, కొత్త పాఠ్యప్రణాళిక అక్కరలేదు. ఉన్నత తరగతులకు వారానికి ఒక్క పీరియడు కేటాయించవచ్చును. 1823 నాటి ఉపాధ్యాయుడు చేసినట్లే అక్కడక్కడి నుండి వ్రాతలు సంపాదించాలి. ముందు నలభై, యాభై ఏండ్ల క్రిందటి పోస్టుకార్డులతో మొదలుపెట్టాలి. అవి స్పష్టంగా ఉంటాయి. తరువాత ఉత్తరాలు, ఆ తరువాత చిట్టాలు, చివరకు గొలుసుకట్టు దస్తావేజులు. అసలు కాగితాలను ఇండ్లలోనే భద్రపరచి, ఫోటో నకళ్ళను బడికి తేవాలి. ఆస్తి వివరాలు, ఇంటి గుట్టు ఉన్న కాగితాలను విడిచిపెట్టాలి. చదివిన దానిని విద్యార్థి విడి అక్షరాలలో శుభ్రంగా తిరిగి వ్రాసి, ఊరు, సంవత్సరం, అర్థం తెలియని పదాలు క్రింద గుర్తించాలి. ఆ పదాలను ఇంటిలోని వృద్ధులను అడిగి తెలుసుకోవాలి. గొలుసుకట్టు చదవగలిగిన పెద్దలు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. వారి ఓపిక ఉండగానే వారిని బడికి పిలిచి, పిల్లల ముందు కూర్చోబెట్టడం ఆలస్యం చేయదగని పని.

1823లో ఈ జిల్లా బడులలో 60 మంది బాలికలుండిరి. ఈనాడు మన తరగతులలో బాలికలు బాలురతో సమానంగా కూర్చొని చదువుకొంటున్నారు. పూర్వం కరణం కొడుకుకు మాత్రమే దక్కిన విద్య రైతుబిడ్డకు, కూలిబిడ్డకు, ఆడబిడ్డకు దక్కే అవకాశం మన చేతిలో ఉన్నది. పాత బడిలోని మంచిని తీసుకొని, అది దూరం పెట్టినవారికి పంచిపెట్టడమే కొత్త బడి ధర్మం.

డెబ్బది అయిదేండ్ల ఉత్సవం జరుపుకొంటున్న ఈ శుభసమయంలో పూర్వవిద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. పాఠశాలకు బల్లలు, పంకాలు, పుస్తకాలు ఇచ్చే దాతలకు నమస్కారాలు. వాటితో పాటు మీ ఇంటిలోని ఒక పాత ఉత్తరపు నకలును కూడ ఇవ్వండి. నూరేండ్ల పండుగ నాటికి ఈ బడి విద్యార్థులు వాటిని ఎవరి సహాయం లేకుండా చదివి, మన ఊరి కథను తామే వ్రాయగలగాలని సరస్వతీదేవిని ప్రార్థిస్తున్నాను.